కొండగొర్రెను పిలిచినవాడు

మా ముత్తాత రంగారావు హుజూరాబాద్ చుట్టుపక్కల ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత మాధవరావు ఎదుట ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. ఆయన కెరమెరి అడవుల్లో వేటకు వెళ్లి, కొండగొర్రె అనే చిన్న జింకను మూడు వందల గజాల దూరం నుంచే ఒక్క తూటాతో పడగొట్టేవారు. భూములు పోయినా ఆ పేరు మాత్రం మాకు మిగిలింది.

మొన్న ఎండాకాలం కెరమెరి ఘాట్‌లో బస్సు టైరు పంక్చరైతే దిగి, బండమీద ఒక గోండు ముసలాయన పక్కన కూర్చున్నాను. ఎవరని అడిగితే తాత పేరు చెప్పాను. ఆయన లేస్తాడనుకున్నాను. లేవలేదు.

"గా దొర మనుమనివా సార్? ఏటల నేనే కొండగొర్రెలను పిలిచెటోణ్ని."

తునికాకు మడిచి, పెదవుల మధ్య పెట్టి ఊదాడు. అచ్చం తప్పిపోయిన కొండగొర్రె పిల్ల అరిచినట్టే ఉంది.

"గిది ఇంటే తల్లి ఉరికొస్తది. దొర చెట్టెనుక కూసునెటోడు."

"మూడు వందల గజాల దూరంలోనా?"

"ఏడ సార్! గీ బస్సు పొడుగంత గూడ లేకుండె. ఇంకా దగ్గరికి పిలువురా అనెటోడు."

మాంసంలో ఆయనకేమిచ్చేవారని అడిగాను.

"పిల్ల గొంతుతోని పిలిచినోడు తినొద్దు. గది మా కట్టుబాటు. దొరకు గా ఫికర్ లేకుండె."

"మీరు పొరబడుతున్నారు. మా తాత గురికి జిల్లాలోనే సాటి లేదు."

"గురి మంచిదే సార్. నేను గూడ మంచిగ పిలిచెటోణ్ని."

తాత తుపాకీని, దానికి బిగించే దుర్భిణిని మా నాన్న కరీంనగర్‌లో అమ్మేశారు. దుర్భిణి పెట్టెకు సీలు అప్పటికీ తీయలేదు.