కొత్త మందు కోసం బాపుతో కరీంనగర్‌కు

బాపుకు కిడ్నీలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తెలిసిన నెలకు, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి కొత్త మందును పరీక్షించడానికి రోగులను చేర్చుకుంటోందని విన్నాను. ఉన్న మందులతో ఎక్కువ కాలం నెట్టుకురాలేమని అప్పటికే చెప్పారు. నాకు మిగిలిన ఆశ అదొక్కటే. ఉదయం ఐదున్నరకు ఆదిలాబాద్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడదాన్ని కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు టికెట్ ఉచితం, బాపుకు మూడు వందల చిల్లర. నిర్మల్‌లో ఇడ్లీ తెస్తే ఒకటి తిని మిగతావి నా వైపు తోశాడు. జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరేసరికి పదిన్నర దాటింది.

ఆసుపత్రికి ఆటో ఎనభై రూపాయలు. మా సంగతి విన్న డ్రైవర్ సలహా మాత్రం ఊరికే ఇచ్చాడు. "కాకా, అడగంది అవ్వయినా అన్నం పెట్టది. మంచంల నుంచి లేస్తలేనని జర ఎక్కువ జేసి చెప్పు. గప్పుడే పట్టించుకుంటరు." పింఛను ఆఫీసులో పనికొచ్చే ఉపాయమే కదా అని నేనూ నవ్వి ఊరుకున్నాను.

"పొద్దంతా ఏం చేస్తరు పెద్దాయనా?" అని డాక్టర్ అడిగాడు.

"ఏం జేస్త సారూ, పండుకొనే ఉంట. నాలుగడుగులేస్తె దమ్ము అందది."

పగలు సగానికి మించి పడుకునే వాళ్లను ఈ పరీక్షలో చేర్చుకోరని డాక్టర్ మెల్లగా చెప్పాడు. మనిషి ఎంత తిరగగలుగుతున్నాడు, రక్తం ఎంతుంది, కాల్షియం ఎంతుంది, ఇవన్నీ కలిపి చూసి, రోగి ముందుముందు ఎలా ఉంటాడో అంచనా వేస్తారట. నేను వెంటనే అడ్డుపడ్డాను.

"అబద్ధం సార్! ఆటో ఆయన చెప్పమన్నడని చెప్తుండు. రోజూ పత్తి జిన్నింగ్ మిల్లుల పనికి పోయి పొద్దుగూకినంక వస్తడు."

"అయితే ఒకసారి నడవండి," అన్నాడు డాక్టర్.

బాపు వరండాలో పది అడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. పరుగెత్తి భుజం పట్టుకున్నాను. "మిల్లుకు పోతున్న గని పని జేస్తలేను బిడ్డా. పత్తి బోరాల మీద పండుకుంటున్న. నువ్వు పరేషానయితవని చెప్పలే," అన్నాడు. అంత మందిలో నేను బోరున ఏడ్చాను.

డాక్టర్ మామూలు మాత్రలే రాసిచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన తిరుగు బస్సులో బాపు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఇక దాచాల్సిందేమీ లేదు కాబోలు. కొత్త మందు దక్కలేదన్న బాధ ఉంది. ఒకే ఇంట్లో ఉండి ఆయన్ని చూసుకోలేదన్న బాధ అంతకన్నా పెద్దది. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్న వాళ్లకు ఒక్క మాట: రిపోర్టులు సర్దుకునే ముందు, మీ మనిషి పగలంతా ఎక్కడ, ఎలా గడుపుతున్నాడో వెళ్లి కళ్లారా చూసి రండి. మా ఇంటి నుంచి మిల్లు పది నిమిషాల నడక. నేను కరీంనగర్ దాకా వెళ్లి తెలుసుకున్నాను.