తగ్గని చార్జింగ్

మా మనవరాలు వాళ్ళ తాతయ్యకు కొనిచ్చిన స్పోర్ట్స్ వాచీకి చార్జింగ్ పెట్టే బాధ్యత నాది. ఇరవై శాతం లోపుకు దిగనివ్వను, ఎనభై దాటనివ్వను. చార్జర్ తగిలించే ముందు వెనకాల చెమట తుడుస్తాను. అలా చేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుందని చదివాను.

గుండెకు స్టెంట్ వేశాక డాక్టరు గారు చెప్పినట్టు, మా వారు రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద గంట నడుస్తారు. నడక దూరం కొలిచే జీపీఎస్ పెడితే గంటకు ఎనిమిది శాతం దిగుతుంది. రెండు నెలలుగా నా పుస్తకంలో అదే లెక్క. ఈ వారం మూడే దిగుతోంది. పాతబడే బ్యాటరీ త్వరగా దిగాలి గానీ ఇలా నిలబడకూడదు. నాకు అనుమానం వచ్చింది.

ఈ రోజు ఆయన రాగానే అడిగాను.

“ఏమండీ, ఎంతసేపు నడిచారు?”

“గంట. కావాలంటే నీ వాచీని అడుగు.”

“దాన్నే అడిగానండి. మూడు శాతమే దిగిందంటే ఇరవై నిమిషాలేనంటోంది. మిగతా నలభై పెసరట్టు బండి దగ్గరా?”

ఆయన వాచీ విప్పి నా చేతిలో పెట్టారు.

“బండి కాదే. కొంచెం దూరం వెళ్ళేసరికి ఆయాసం వచ్చి కూర్చుంటున్నాను. ఊరికే చార్జింగ్ దండగని నువ్వే అంటావుగా, అందుకని కూర్చోగానే జీపీఎస్ ఆపేస్తున్నాను.”

పెసరట్టు అయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఈసీజీ తీసి మందు మార్చారు, వారం విశ్రాంతి అన్నారు.

ఆ వాచీలో గుండె వేగం కూడా కనిపిస్తుందట. నేను ఇన్నాళ్ళూ బ్యాటరీ ఆరోగ్యమే చూశాను. మీ ఇంట్లో వాచీని ఎవరు చూస్తున్నారు, మనిషిని ఎవరు చూస్తున్నారు?