చిరుతకు నేను పెట్టిన దావత్

చికెన్ షాపు వ్యర్థాల బకెట్ పట్టుకుని సాయంత్రం ఆరింటికి మా వెనక గోడ దగ్గరికి వెళ్లాను. అక్కడ పద్దెనిమిది కుక్కలు, పెళ్లిలో రెండో బంతికి నిలబడ్డ చుట్టాల్లా, నా కోసం ఎదురుచూస్తున్నాయి. కొంప మునుగుతోందని నాకు అప్పుడే తెలియాల్సింది. డిగ్రీ చదివిన మనిషి ఊరినంతా ఎలా ముంచబోయిందో చెబుతాను, నవ్వండి. మా అత్తమ్మకు మాత్రం గుర్తుచేయకండి.

అంతకు వారం ముందు, మొయినాబాద్ వైపు తిరిగే చిరుత మా చేవెళ్ల పక్క పల్లెకు వచ్చిందన్నారు. పిల్లలు తుమ్మితేనే దవాఖానకు పరిగెత్తే దాన్ని, చిరుతంటే ఊరుకుంటానా? అటవీశాఖ వాళ్లు పెట్టిన మీటింగ్‌కు అందరికంటే ముందే వెళ్లాను. “మేకలను పొద్దుగూకకముందే కొట్టంల కట్టెయ్యాలె” అనేవరకు విన్నాను. ఇంతలో చిన్నోడు ఏడుపు అందుకున్నాడు, ఇంటికొచ్చేశాను.

మిగతాది నా తెలివితో పూరించుకున్నాను. ఆకలేసినా పులి గడ్డి తినదంటారు కదా, అందుకని చికెన్ పెడదామనుకున్నాను! కడుపు నిండిన చిరుత నా పిల్లల జోలికెందుకొస్తుంది?

“రోజూ ఈ తోళ్లు, కాళ్లు ఎందుకక్కా?” అన్నాడు చికెన్ షాపతను.

“కుక్కకు అన్నా.”

“మీ ఇంట్ల కుక్క లేదు గదక్కా!”

“తెస్తున్నం.”

చిరుత మెడ పట్టుకుంటుందని ఎవరో అంటే, నైటీ మీద మా ఆయన హెల్మెట్ కూడా తగిలించుకునేదాన్ని.

ఆ పద్దెనిమిది కుక్కలను చూసిన సాయంత్రమే పక్కింటి ఎల్లవ్వ వచ్చింది. ఆమెకు నాలుగు మేకలే ఆధారం.

“బిడ్డా, ఊళ్లె కుక్కలన్నీ మన ఎనకకే ఎందుకొస్తున్నయే? పొద్దుగాల నా కొట్టం కాడ చిరుత అడుగులు కనవడ్డయ్. మేకలు పోతే నేనెట్ల బతకాలె?”

“ఫికర్ చెయ్యకు అవ్వా, నేను చూసుకుంటున్న” అన్నాను. ఎల్లవ్వ మేకల మీద జాలితో ఆ రోజు ఇంకో రెండు గుప్పెళ్లు ఎక్కువ వేశాను!

మర్నాడు పంచాయతీ ఆఫీసులో అటవీశాఖ ఆఫీసరు ఊరందరి ముందు ల్యాప్‌టాప్ తెరిచాడు. మీటింగ్ రోజే చెట్లకు కెమెరాలు కట్టారట. అది కూడా నేను వచ్చేశాకే.

“చిరుత కుక్కల కోసం వస్తున్నది. కుక్కలేమో దీని ఎంబడి వస్తున్నయ్. ఈ జంతువు రోజూ ఆరింటికి తయారు.”

తెర మీద గుండ్రటి తల, మెడ లేదు, ఒళ్లంతా పూలు, చేతిలో బకెట్.

ఎల్లవ్వ కళ్లు చిట్లించింది. “ఓ సారూ, గా పూల నైటీ మా పక్కింటి పిల్లదే!”

“గా హెల్మెట్ నాది” అన్నాడు మా ఆయన, పోయిన వస్తువు దొరికినట్టు.

ఊరంతా కడుపులు పట్టుకుని నవ్వింది. చెత్త బయట వేయొద్దన్నదే ఆ మీటింగ్‌లో అసలు మాట అని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే గోడ వెనకంతా ఊడ్చి, గుంత తీసి పూడ్చాను. ఎల్లవ్వ, నేను కలిసి ఆమె కొట్టానికి ఇనుప జాలీ బిగించాం. పది రోజులకల్లా కుక్కలు చెదిరిపోయాయి, చిరుత అడుగులు మళ్లీ కనబడలేదు. నాలుగు మేకలూ క్షేమం. ఇక ఏ మీటింగైనా కుర్చీలు ఎత్తేసేదాకా కదలనని ఆ హెల్మెట్ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను.

ఇక ఆ గుంత పూడ్చిన మర్నాడు పొద్దున చిన్నోడు దిగులుగా అడిగాడు, “అమ్మా, ఇయ్యాల పులికి బువ్వ పెట్టవా?”

“పెట్టను నాన్నా. దానికి వాళ్లమ్మ వేట నేర్పింది. నువ్వు, అన్న చేతులు పట్టుకుని, గట్టిగ ముచ్చట పెట్టుకుంట బడికి పోండ్రి.”

“వాళ్లమ్మకు భయం కాదా?”

“అయితది నాన్నా. కాకపోతే హెల్మెట్ పెట్టుకోదు.”