గిన్నె వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టిన మనిషి

మా బావ పోయి పది రోజులైంది. శవపెట్టె ముందు నిలబడి మన సంఘ పెద్ద ఒకాయన, "ఈ సహోదరుడు ప్రభువు బల్లకు దూరంగానే వెళ్లిపోయాడు" అన్నారు. ఈ బాధ ముల్లులా నాలో ఏళ్లుగా ఉన్నదే. ఆ రోజు ఇంకా లోపలికి దిగింది. ఆయన దూరం కాలేదు. మనం దూరం పెట్టాం. పెద్దలారా, సహోదరులారా, చదువు తక్కువవాడిని, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అక్కను చేసుకుని శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో ఈ దీవికి వచ్చి, ఇక్కడ చౌల్దారీ వెళ్లే బస్సు నడిపాడు. తాగేవాడు, దాచను. మానేవాడు, నెలల తరబడి ముట్టేవాడు కాదు, మళ్లీ పడేవాడు. "బస్సయితే సారా కొట్టు దాటించేస్తాన్రా బావమరిదీ, నా కాళ్లే బ్రేకేసేస్తాయి" అని తన మీద తనే నవ్వుకునేవాడు. అందుకే డ్యూటీ అయ్యాక ప్రోతరాపూర్‌లో కొట్టు పక్కనే ఉన్న మా స్టాపులో దిగేవాడు కాదు. కొట్టు దాటాక వచ్చే స్టాపులో దిగి, పొలం గట్ల మీద వెనక్కి నడిచి ఇల్లు చేరేవాడు. బురద కాళ్లు చూస్తే మా అక్క ముఖం విప్పారేది.

"శోధన పీపాతో రాదురా, సీసా మూతతో వస్తాది. చాలు, ఒక్క మూతే కదా అంతాది. ఆ తర్వాత సీసా దాని పని అది సూసుకుంతాది." ఈ మాట ఆయన చాలామందికి చెప్పాడు.

ఒకసారి అక్క చేపలు కోస్తూ కత్తి ఆపింది.

"ఒరే తమ్ముడూ, నువ్వు కనిపెట్టినావా? ఈ మనిషి పడినదల్లా రొట్టె, గిన్నె ఇచ్చే బల్ల ఆదివారమే."

"ఏటంతావే అక్కా? అది ప్రభువు గిన్నె."

"గిన్నె ప్రభువుదే. అందులో పోసింది కొట్లో కొన్న వైనే కదేటి?"

మానే కష్టం ఆయనది. మూత అందించే పని మనది.

బావ పెద్దల దగ్గరికి వెళ్లాడు. పక్కన నేనున్నాను.

"అయ్యా, కిస్‌మిస్ ఉడకేసిన నీళ్లు నాకు వేరే గ్లాసులో ఇయ్యండి. అవి తాగి ప్రభువుని తలుసుకుంతాను."

"అరే భయ్యా, ఒక్కడి కోసం ఆచారం మారుస్తామా? విశ్వాసం ఉంటే ఆ గుక్కెడు ఏం చేస్తుంది?"

"విశ్వాసం ఉందండి. నాలిక మీదే నమ్మకం లేదు" అని బావ లేచి వచ్చేశాడు.

అప్పటి నుంచి చివరి బెంచీ. రొట్టె తీసుకునేవాడు. గిన్నె చేతులు మారుతూ దగ్గరికి వస్తుంటే ఊపిరి బిగబట్టి, రెండు చేతులా అందుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుని పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఇచ్చాక గాని ఊపిరి వదిలేవాడు కాదు. "ఏదో దాచిన పాపం ఉంది" అని వెనక నుంచి అన్నారు, నాకు వినబడేలాగే. పోయేదాకా ఆయన మళ్లీ పడలేదు. పడి లేస్తూ గిన్నె తాగినన్నాళ్లూ మీకు విశ్వాసి. పడడం మానేశాక పాపి అయ్యాడు.

శోధనలోకి తేవద్దని ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తాం. నెలకోసారి దాన్నే పోసి చేతికిస్తాం. ఇదెక్కడి న్యాయం?

షాదీపూర్‌లో వెల్డింగ్ చేసే మన సంఘపు తమ్ముడొకడు బావ మాట విని తాగుడు మానాడు. మొన్న బల్ల ఆదివారం బావ చోటులో కూర్చున్నాడు. గిన్నె వస్తుంటే అతని ఛాతీ పైకి లేచి అలాగే ఆగిపోయింది. గిన్నె దాటించాక గాని ఊపిరి వదల్లేదు.

వచ్చే బల్లకు కిస్‌మిస్ నీళ్లు పెడతారా, పెట్టరా? ఉడకేసి తెస్తానని మా అక్క అంది. ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగిసేలోగా అవునో కాదో అందరి ముందూ చెప్పండి. ఒకడు చచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు. ఇతను ఎన్నాళ్లు బిగబట్టాలి?