మెర్సీ పాటకి ఎకో

మా తమ్ముడు ఎజ్రాకి దేవుడు చెవులిచ్చాడు గానీ బుర్ర ఇవ్వలేదండి. భీమవరం చుట్టుపక్కల ఏ చర్చిలో కూడికైనా మైకుసెట్టు వాడిదే. పాస్టరుగారి మాటకి కాస్త ఎకో పెడతాడు, పాటకి ఇంకాస్త. అది లేకపోతే ఉప్పులేని కూరలా ఉందంటారు మావాళ్లు.

మా చర్చిలో పాట ఎత్తేది వాడి భార్య మెర్సీయే. పోయినేడాది నుంచి చరణం చివర ఆ పిల్లకి ఊపిరి చాలేది కాదు. వాడు కనిపెట్టాడు. కనిపెట్టి ఏం చేశాడు? ఆస్పత్రికి తీసుకెళ్లాడా? లేదు, ఎకో పెంచాడు. ఆమె ఆపేసిన చోట మిషను లాగేది. మేమంతా కళ్లు మూసుకుని, ఏం గొంతమ్మా అని మురిసిపోయేవాళ్లం. తన గొంతు బాక్సుల్లోంచి నిండుగా వినపడుతుంటే, ఉత్త నీరసమేలే అనుకుంది ఆ పిచ్చిది.

కాళ్లు వాచాక రాజమండ్రి తీసుకెళ్లాం. డాక్టరమ్మగారు ఎకో తీయాలన్నారు. మావాడు తెల్లమొహం వేశాడు.

"గుండె మీదికి శబ్దం పంపిస్తామండి. అది తగిలి వెనక్కొస్తే లోపల ఎలా ఉందో బొమ్మ కనపడుతుంది" అని చెప్పారావిడ.

చూశాక ఆవిడ మొహం మారిపోయింది. "వాల్వు పాడై చాలాకాలమైంది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే గుండె తట్టుకోదు. మొదట్లోనే తీసుకురావాల్సింది. ఆయాసం ఇంట్లో ఎవరికీ తెలీలేదా?"

ఎజ్రా లేచి తలుపు వైపు నడిచాడు. వాడి చెంప పగలగొడదామనుకున్నాను. వరండాలోకి రాగానే గోడవారన కూలబడి, "తెలిసిందక్కా. నేనే కప్పెట్టాను" అన్నాడు. ఇంకేం కొడతాను వాణ్ణి.

కోత పండగనాడు పాడతానని మెర్సీ పట్టుబట్టింది. వద్దంటే వింటేనా. మైకు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మొగుడి వైపు తిరిగి, "ఏవండీ, ఎకో తీసేయండి. నా గొంతు నేనొకసారి వినాలి" అంది.

తీసేశాడు.

పల్లవి ఎలాగో అయింది. చరణం మధ్యలో ఊపిరి తెగింది. ఆ రొప్పు చర్చంతా వినపడింది. ఎజ్రా చెయ్యి అలవాటుగా నాబ్ మీదికి పోయింది. మెర్సీ వద్దని తల ఊపింది. వాడు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అంతమందిమీ ఆ పాట వచ్చినవాళ్లమే. మిగతా చరణం ఒక్కరం కూడా అందుకోలేకపోయాం.