లేచేదాకా ఆగిన బావగారు

మా అక్క భర్త భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసేవారు. నాకంటే పదేళ్లు పెద్దయినా నన్ను కూడా ఎప్పుడూ బావగారూ, అండీ అనే పలకరించేవారు. ఆదివారం మా ఇంటికొస్తే ఇద్దరం టీవీ ముందు కూర్చుని, జపాన్ యానిమే కార్టూన్ల యోధులు తన్నుకునే వీడియో గేమ్ ఆడేవాళ్లం. నా యోధుడు కింద పడగానే ఆయన బటన్ మీద నుంచి బొటనవేలు తీసేసేవారు.

“లేవండి బావగారూ, లేచాక ఆడదాం,” అనేవారు.

ఆయన ఆగిన ఆ క్షణంలోనే నేను లేచి, కొట్టి గెలిచేవాణ్ణి. ఆయన నవ్వేసేవారు.

వైట్‌స్పాట్ తెగులు వచ్చి ఆయన రొయ్యలన్నీ పోయిన ఏడాది, కాస్త హుషారు చేద్దామని నేనే కంట్రోలర్ తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన యోధుడు పడిపోయాడు. నేను అలవాటు కొద్దీ కొడుతూనే ఉన్నాను.

“కాస్త లేవనివ్వండి బావగారూ,” అన్నారు మెల్లగా.

నేను నవ్వుతూ ఆట ముగించేశాను.

ఇప్పుడూ వస్తుంటారు. కంట్రోలర్ అందిస్తే, “మీరు ఆడండి, నేను చూస్తానండి” అంటారు. అవతలి యోధుడు పడినప్పుడల్లా నేను బొటనవేలు తీసి ఆగుతున్నాను. పక్కకు తిరిగి ఆయన మొహం చూడటానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.