మంచం పక్కన పొదిగిన గుడ్లు

మా అత్త తుంటి విరిగి మంచాన పడిన ఏడాదే మా ఇంట్లో చివరి కోడి కూడా పోయింది.

పొలమంతా సోలార్ ప్లేట్ల కిందికి గుత్తకిచ్చాక ఇంట్లో జీవాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. ముందు ఎద్దులు, తర్వాత మేకలు. కోళ్లు మాత్రం అత్త పట్టుదల వల్ల మిగిలాయి. వేరుశనగ పండించినన్నాళ్లూ అవి కళ్లం చుట్టూ తిరిగి సొంతంగా బతికేవి. ప్లేట్ల చుట్టూ కంచె వేశాక వాటికి మిగిలింది మా వాకిలి, వెనక ఉన్న దిబ్బ. ఊరకుక్కలు తిరిగేదీ ఆ దిబ్బ మీదే.

నేను ఆ సోలార్ పార్కులో ప్లేట్ల మధ్య గడ్డి కోసే పనికి పోతాను. నా మొగుడు ప్లేట్లు కడిగే నీళ్ల ట్రాక్టరు తోలుతాడు. తెల్లవారకముందే లేచి నీళ్లు పట్టి, అత్తకు ఒళ్లు తుడిచి, పక్కగుడ్డలు మార్చి, వంట చేసి, క్యారియరు కట్టుకునేసరికి టెంపో వచ్చి హారను కొడుతుంది. మధ్యాహ్నం పక్కింటామె వచ్చి అత్తకు అన్నం పెట్టి పోతుంది. సాయంత్రం వచ్చాక మళ్లీ అదే పని మొదలు. ఆ రోజుల్లో నాకు ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర వచ్చేది.

ఒక సాయంత్రం టెంపో దిగి వస్తుంటే సందులో మా చివరి కోడి ఎర్రటి ఈకలు చెల్లాచెదురుగా కనిపించాయి. లోపలికి పోయి అత్తకు చెప్పాను.

"దాని గుడ్లు రాగుల డబ్బాలో ఉండాయి చూడు," అంది.

కూర చేయమంటోంది అనుకున్నాను.

"కూరకు కాదు మే. పొదగెయ్యల్ల."

"ఏ కోడి కింద పొదగేసేది అత్తా? ఇంట్లో కోడి యాడుండాది?"

"ఊర్లో అడుగు. ఎవురి కోడన్నా పొదుక్కొచ్చి ఉంటాది."

అన్నం పొయ్యి మీద పెట్టి నాలుగు ఇళ్లు తిరిగాను. ఎవరింట్లోనూ పొదిగే కోడి లేదు. రెండిళ్లలో అసలు కోళ్లే లేవు, కావలసినప్పుడు పక్క టౌను పావగడ నుంచి మాంసం తెచ్చుకుంటున్నామన్నారు. ఆ మాట చెబితే అత్త అన్నం సగమే తిన్నది.

నా మొగుడు అది చూసి ఊరుకోలేకపోయాడు. ఫోన్‌లో ఏదో వీడియో పెట్టుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్నాడు.

"పెట్టెలో పొదిగిస్తారంట మా. బల్బు వేడి చాలంట. ఇంక్యుబేటర్ అంటారు దీన్ని. ఇంట్లోనే చేసుకోవచ్చు."

"మళ్లా దాన్ని చూసేదెవురు?" అన్నాను నేను. "ఇప్పుడుండే పని చాలదా నాకు?"

"నేను చూస్తా," అంది అత్త. "నా మంచం పక్కన పెట్టండి."

మరుసటి రోజు అతను పావగడ పోయి, కరెంటు సామాన్ల అంగడిలో ఒక చిన్న మీటరు తెచ్చాడు. పెట్టె లోపల వేడి ఎక్కువైతే అదే బల్బును ఆర్పుతుంది, తగ్గితే వెలిగిస్తుంది. మందుల అంగడి వాళ్లు పడేసే థర్మాకోల్ పెట్టెకు మూతలో గాజు పలక అమర్చి, లోపల బల్బు బిగించి, గాలి ఎండిపోకుండా ఒక గిన్నెలో నీళ్లు పెట్టాడు. అడుగున అత్త పాత చీర ముక్క పరిచాము. పదకొండు గుడ్లు. రోజుకు మూడు నాలుగు సార్లు తిప్పాలని వీడియోలో చెప్పారు కాబట్టి, ఏది తిప్పిందీ ఏది తిప్పనిదీ తెలియడానికి ప్రతి గుడ్డుకూ ఒక పక్క కుంకుమ బొట్టు పెట్టించింది అత్త. ఒకసారి బొట్టు పైకి, మరోసారి బొట్టు కిందికి.

అప్పటినుంచి నేను గడప దాటి లోపలికి రాగానే పెట్టె సంగతే. గిన్నెలో నీళ్లు తగ్గినాయి చూడు. మీటరులో అంకె మారింది చూడు. చీర ముక్క జరిగింది, సర్దు. చేతిలో క్యారియరు దించకముందే ఇవన్నీ చేసేదాన్ని. విసుగు వచ్చినా పైకి అనలేదు. అనడానికి కూడా ఓపిక ఉండాలి.

వారం దాటాక ఒక ఆదివారం తలుపు మూసి, గుడ్ల వెనక ఫోన్ లైటు పెట్టి చూశాము. మూడింటిలో ఏమీ లేదు, వాటిని తీసేశాము. మిగతావాటిలో ఎర్రటి దారాల్లాంటి నరాలు, మధ్యలో కదిలే ఒక నల్లటి చుక్క. అత్త గుడ్డును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇన్నేండ్లు పొదగేస్తి," అంది. "లోపల ఎట్లుంటాదో ఒక్క దినమూ చూళ్లేదు."

ఆ గుడ్డును వెంటనే పెట్టెలో పెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. చల్లబడుతుందని చెప్పి నేనే తీసి పెట్టాను.

తర్వాతి వారం పెద్ద గాలి వచ్చింది. మా వాకిట్లో నిలబడితే కనుచూపు మేరా ప్లేట్లే, కానీ ఆ కరెంటు ఎక్కడికో పోతుంది. మా ఊరి తీగలు పాతవి, గాలికి తెగుతాయి. పనిలో ఉండగా దుమ్ము లేచింది, మేము ప్లేట్ల కింద ముసుగేసుకుని కూర్చున్నాము. గుడ్ల సంగతి నాకు గుర్తే రాలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. అంత ఉక్కలో అత్త దుప్పటి ఛాతీ దాకా కప్పుకుని, కళ్లు మూసుకుని వెల్లకిలా పడి ఉంది. నుదుటి మీద చెయ్యి పెట్టాను. చెమటతో తడిసిపోయి ఉంది.

"కదిలించొద్దు మే," అంది కళ్లు తెరవకుండా. "కడుపు మీద ఉండాయి."

దుప్పటి తీసి చూస్తే, చీర ముక్కలో చుట్టిన ఎనిమిది గుడ్లూ ఆమె పొట్ట మీద ఉన్నాయి. అన్నం పెట్టడానికి వచ్చిన పక్కింటామెతో పెట్టెలోంచి తీయించుకుని అలా పెట్టించుకుందట. అన్నం తినలేదు. నీళ్లు తాగితే ఒంటికి పోవడానికి లేపాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదు.

నాకు కోపం ఆగలేదు.

"వీపు పుండ్లు పడితే ఎవురు కడగాల అత్తా? నేనే కదా?"

"నువ్వే," అంది మెల్లగా. "కోడి మూడు వారాలు కూచుంటాది. నేను ఒక పూట పండుకోలేనా?" అంది.

మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాను. లేవకుండా అలాగే ఉండిపోవాలనిపించింది. కానీ పొయ్యి వెలిగించి నీళ్లు కాచి, సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి పెట్టెలో పేర్చాను. గుడ్లను లోపల పెట్టి, అత్తను పక్కకు తిప్పి, వీపు తుడిచి, నీళ్లు తాగించాను. తెల్లారి కరెంటు వచ్చేదాకా నేనూ నా మొగుడూ వంతులేసుకుని సీసాలు మార్చాము. ఆ రోజు పనిలో కొడవలి చేతిలో ఉండగానే కునుకు పట్టింది. పక్కనున్న ఆమె భుజం తట్టి లేపింది.

మూడు వారాలు నిండాక ఒక పొద్దున, అత్తకు ఒళ్లు తుడుస్తుంటే పెట్టెలోంచి సన్నగా కీచుమన్న శబ్దం వినిపించింది. ఒక గుడ్డు మీద ఆవగింజంత పగులు. ఇద్దరం వంగి చూస్తూ ఉండగానే టెంపో హారను మోగింది.

"పో మే, నేను చూస్తుంటా," అంది అత్త.

పోయాను. తిరిగి వచ్చేసరికి నాలుగు పిల్లలు ఒళ్లు ఆరి, మెత్తటి దూదిలా బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. నేను అంట్లు తోముతుంటే అత్త మంచం మీంచి అంతా చెప్పింది. ఏది ముందు వచ్చింది, ఏది పెంకును కాళ్లతో ఎలా తన్నింది, ఏది బయటపడ్డాక చచ్చినట్టు పడి ఉండి మళ్లీ తల ఎత్తింది. ఆమె అన్ని మాటలు మాట్లాడి చాలా నెలలైంది. నేను మాత్రం ఒక్కటి కూడా బయటికి రావడం చూడలేదు.

ఐదో గుడ్డు పెంకు పగిలింది కానీ పిల్ల బయటికి రాలేదు. మధ్యాహ్నం నుంచీ అలాగే ఉందట.

"నువ్వు తియ్యి," అంది అత్త. "నా చెయ్యి వణుకుతాది."

చెయ్యి కడుక్కుని, తడి వేలితో పెంకు కొంచెం కొంచెం ఒలిచాను. లోపలి పొరలోంచి నెత్తురు చెమర్చింది. ఆగాను. మళ్లీ ఒలిచాను. పిల్ల బయటికి వచ్చింది కానీ కాలు వంకరగా ఉంది, మెడ నిలవలేదు. తెల్లారి చూస్తే చచ్చిపోయి ఉంది. దానికోసం అంత ఏడుపు ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

"కోడి కింద పొదిగినా ఒకటో రెండో పోతాయి మే," అంది అత్త లోపలి నుంచి. "నీ చేతిలో ఏమీ లేదు."

టెంపో వచ్చేలోపల ముఖం కడుక్కున్నాను. మిగతా మూడు గుడ్లు పగలనే లేదు. వాటిని నా మొగుడు దిబ్బలో పూడ్చాడు.

తల్లి లేని పిల్లలకు గింజ ఏరుకోవడం కూడా నేర్పాలి. అత్త మంచం మీద పక్కకు తిరిగి, నేల మీద నూకలు చల్లించుకుని, వేలితో టకటక కొడుతూ కోడిలా పిలిచేది. అవి పరుగెత్తి వచ్చేవి. పెట్టె కడగడం, రెట్ట ఎత్తడం, సాయంత్రం ఒక్కొక్కదాన్నే పట్టి గంప కింద మూయడం నా పని.

పిల్లలు వాకిట్లోకి వచ్చాక కాకులు దిగడం మొదలుపెట్టాయి. ఒకదాన్ని ఎత్తుకుపోయాయి కూడా. వాటిని అదిలించాలని అత్త మూలన పడి ఉన్న వాకర్ పట్టుకుని గడప దాకా రావడం మొదలుపెట్టింది. లేచి నడవమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి. ఇప్పుడు మధ్యాహ్నమంతా గడప దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. ఒళ్లు తుడవడం ఇప్పటికీ నేనే.

మొన్న భోజనాలయ్యాక నా మొగుడు అడిగాడు. "ఈతూరి ఇరవై పెడదామా? పక్క ఊర్లో ఒకాయన గుడ్లు ఇస్తానన్నాడు."

నేను గిన్నెలు సర్దుతున్నాను. అత్తే జవాబిచ్చింది.

"గడ్డి పని తగ్గినాక చూస్తాంలేప్పా. ముందు దాన్ని పండుకోనీ."

అతను లేచాడు. నా చేతిలోంచి గిన్నెలు తీసుకున్నాడు. నేను చాప పరుచుకుని పడుకున్నాను.